ఖాతాలో పడ్డ డబ్బు ఎప్పుడు మనదవుతుంది?

కిరాణా కొట్టు కౌంటర్ మీద చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. కొన్నవాళ్లు కోడ్ స్కాన్ చేసి డబ్బు కట్టగానే ఎంత పడిందో పైకే చెబుతుంది. ఫోన్‌పే 2024లో ఆ డబ్బాకు తెలుగులో మహేశ్‌బాబు గొంతు పెట్టింది. అభిమానులు మురిసిపోయారు. కొట్టు యజమాని మురిపెం మాత్రం వేరు. బేరాల రద్దీలో అస్తమానం ఫోన్ తీసి చూసుకునే పని తప్పింది. డబ్బా పలికితే డబ్బు వచ్చినట్టు, పలకకపోతే రానట్టు.

పలికే డబ్బా లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. 2021 మార్చిలో అక్కడి పోలీసులు ‘పేటీఎం స్పూఫ్’ అనే నకిలీ యాప్ వాడుతున్న కొందరిని పట్టుకున్నారు. అందులో కొట్టు పేరు, మొత్తం టైపు చేస్తే చాలు, అచ్చం అసలు రసీదులాంటి తెర వస్తుంది. సరుకు తీసుకోవడం, తెర చూపించడం, చల్లగా జారుకోవడం. సాయంత్రం లెక్క చూసుకున్నాక గానీ కొట్టువాళ్లకు సంగతి తెలిసేది కాదు.

ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లలో ఎక్కువమందికి ఇప్పటికీ ఆ డబ్బా లేదు. యూట్యూబ్ లైవ్‌లో మంగళగిరి చీరలు విప్పి చూపించే ఆమెకూ, వాట్సాప్‌లో ఆవకాయ ఆర్డర్లు రాసుకునే ఇల్లాలికీ, ఇన్‌స్టాగ్రామ్‌లో ఏటికొప్పాక బొమ్మలు పెట్టే కుర్రాడికీ అందేది స్క్రీన్‌షాట్. “పంపేశానండీ, చూసుకోండి” అనే మాట, దాని కింద ఒక బొమ్మ. లైవ్ నడుస్తుండగా అలాంటివి వరసపెట్టి వచ్చి పడుతుంటే ఒక్కొక్కటీ బ్యాంకు ఖాతాతో సరిచూసుకునే తీరిక ఎవరికి ఉంటుంది? మోసగాడికి కావలసింది సరిగ్గా ఆ తీరికలేనితనమే.

ఈ వ్యాపారంలో డబ్బు కనబడటం వేరు, పడటం వేరు, నిలవడం వేరు. మూడూ ఒకటేననుకున్న చోటే అమ్మినవాళ్లు దెబ్బతింటున్నారు.

ముందు కనబడే డబ్బు సంగతి. స్క్రీన్‌షాట్ తర్వాతి మెట్టు నకిలీ ఎస్సెమ్మెస్. 1,200 రూపాయల సరుకుకి 12,000 పడినట్టు మెసేజ్ వస్తుంది. వెంటనే ఫోన్: “అయ్యో, ఒక సున్నా ఎక్కువ కొట్టేశాను. మా అమ్మ ఆస్పత్రిలో ఉంది, మిగతాది కాస్త వెనక్కి పంపరూ?” జాలిపడి 10,800 పంపాక ఖాతా తెరిచి చూస్తే అసలు పన్నెండు వేలూ లేవు, పన్నెండు వందలూ లేవు. బ్యాంకు మెసేజ్ అక్షరాల పేరుతో వస్తుంది, పది అంకెల మొబైల్ నంబర్ నుంచి రాదు. ఆ తేడా కళ్లెదుటే ఉన్నా కంగారులో కనబడదు. అందుకే అనుభవం ఉన్న అమ్మకందార్లు మెసేజ్‌ను లెక్కలోకే తీసుకోరు. బ్యాంకు యాప్ తెరిచి, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబర్ స్టేట్‌మెంట్‌లో ఉందో లేదో చూశాకే పార్శిల్ మీద అడ్రస్ రాస్తారు.

“మా ఖాతాలో కట్ అయింది, మీకెందుకు రాలేదు?” అని గదమాయించేవాళ్లూ ఉంటారు. వాళ్లలో కొందరు నిజమే చెబుతుంటారు కూడా. దానికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లోనే గడువులు పెట్టింది. యూపీఐలో వ్యక్తి నుంచి వ్యక్తికి పంపిన డబ్బు చేరకపోతే మర్నాటికల్లా, వ్యాపారికి కట్టినది ఖరారు కాకపోతే ఐదు రోజుల్లోగా దానంతట అదే కట్టినవారి ఖాతాకు తిరిగి వెళ్లాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ఈ మాట మర్యాదగా చెప్పి, పార్శిల్ ఆపి ఉంచితే నిజమైన కస్టమర్‌కు పైసా నష్టం లేదు. అబద్ధాలకోరు మళ్లీ ఫోన్ చేయడు.

ఇక అమ్మేవాడి చేతే డబ్బు కట్టించే విద్య ఒకటుంది. 2021 ఫిబ్రవరిలో అది అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ ఇంట్లోకే వచ్చింది. ఆయన కుమార్తె పాత సోఫాను ఓఎల్‌ఎక్స్‌లో అమ్మకానికి పెట్టారు. కొంటానన్నవాడు ఖాతా సరైనదో కాదో చూసుకుంటానని ముందు చిన్న మొత్తం పంపాడు. అది నిజంగానే పడింది. నమ్మకం కుదిరింది. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు. చేస్తే 20,000 రూపాయలు పోయాయి. పొరపాటైంది, ఈ కోడ్‌తో వెనక్కి వస్తాయని ఇంకోటి పంపాడు. మరో 14,000 పోయాయి.

ఈ ఆటలో మోసగాడు చాలాసార్లు సైనికుడి వేషం కడతాడు. ట్రాన్స్‌ఫర్ అయింది, ఫలానా కంటోన్మెంట్‌లో ఉంటున్నాను అంటూ యూనిఫాం ఫోటో, గుర్తింపు కార్డు పంపుతాడు. వీడిని పట్టించే గుర్తు ఒకటుంది: బేరమాడడు. పాత సోఫాకి చెప్పిన ధర చెప్పినట్టు ఇస్తానని, చూడటానికి కూడా రానని ఎవరైనా అంటే తెలుగు ఇళ్లలో ఈపాటికి అనుమానం రావలసిందే! వేషం ఏదైనా వాడు చివరకు అడిగేది పిన్ కొట్టమనే. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి. రావలసిన డబ్బుకు పిన్‌తో పనే లేదు. వ్యక్తులు డబ్బు అడుగుతూ ఒకరికొకరు పంపుకునే ‘కలెక్ట్ రిక్వెస్ట్’లను, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది కాబట్టి ఒక దారి మూసుకుపోయింది. క్యూఆర్ కోడ్ దారి తెరిచే ఉంది.

సరే, డబ్బు నిజంగానే పడింది. స్టేట్‌మెంట్‌లో ఉంది, సరుకు వెళ్లింది, కస్టమర్ “బాగుందండీ” అని కూడా రాశారు. కథ కంచికి చేరినట్టే అనిపిస్తుంది. కార్డుతో కట్టిన డబ్బుకు మాత్రం చేరనట్టే.

చార్జ్‌బ్యాక్ అనే మాట మొదటిసారి విన్న అమ్మకందారుకు అది దౌర్జన్యంలా తోస్తుంది. నిజానికి అది కొనేవారి రక్షణ కోసం పుట్టింది. అమెరికాలో 1974లో వచ్చిన ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం, తాము చేయని ఖర్చునూ తమకు అందని సరుకు బిల్లునూ ప్రశ్నించే హక్కును క్రెడిట్ కార్డుదారులకు ఇచ్చింది. వీసా, మాస్టర్‌కార్డ్‌ల సొంత నిబంధనలూ ప్రపంచమంతటా అదే పని చేస్తాయి. కార్డుదారు తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తారు. ఆ బ్యాంకు కార్డు నెట్‌వర్క్ ద్వారా వ్యాపారి బ్యాంకు నుంచి డబ్బు లాగుతుంది. వ్యాపారి బ్యాంకు పేమెంట్ గేట్‌వే మీద పడుతుంది, గేట్‌వే అమ్మకందారుకు రావలసిన సొమ్ములో కోస్తుంది. విచారణ ఆ తర్వాత. సాధారణంగా ఫిర్యాదుకు కార్డుదారుకు ఉండే గడువు 120 రోజులు. జవాబు చెప్పుకోవడానికి అమ్మకందారుకు దొరికేది కొద్ది రోజులే.

మన దేశంలో కార్డులకు ఓటీపీ ఒక గోడలా నిలబడింది. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ ఉండాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన 2009 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. అలా ధ్రువీకరించిన లావాదేవీని కార్డుదారు “నేను చేయలేదు” అంటే, ఆ నష్టం మామూలుగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీద పడుతుంది గానీ వ్యాపారి మీద పడదు. అందుకే హైదరాబాద్ నుంచి విజయవాడకు అమ్మేవాళ్లలో చాలామందికి ఈ బెడద తెలియదు. అసలు చిక్కు సముద్రం అవతల ఆర్డర్లతో.

డాలస్ నుంచి ఒకరు 18,000 రూపాయల పోచంపల్లి పట్టుచీర కొన్నారనుకుందాం. అమెరికా కార్డుకు చాలా సందర్భాల్లో ఓటీపీ అడగదు, నంబర్లు కొడితే చాలు. చీర చేరింది. రెండు నెలలకు గేట్‌వే నుంచి ఈమెయిల్: కార్డుదారు ఈ లావాదేవీ తనది కాదంటున్నారు. ఆ కార్డు నిజంగానే దొంగిలించినది కావచ్చు. ఇంట్లో ఒకరు కొని ఇంకొకరికి చెప్పకపోయి ఉండవచ్చు. చీర కట్టుకుని ఫంక్షన్‌కు వెళ్లొచ్చి డబ్బు కూడా వెనక్కి లాగుదామన్న తెలివి కావచ్చు. ఈ చివరిదానికి వ్యాపారులు పెట్టుకున్న పేరు ‘ఫ్రెండ్లీ ఫ్రాడ్’. స్నేహం ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఈ మూడింట్లో ఏదో అమ్మినవారికి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. వారి చేతిలో ఉండేది సాక్ష్యం ఒక్కటే. ఏ తేదీన ఆర్డర్ వచ్చింది, ఏ ఈమెయిల్ నుంచి, ఏ అడ్రస్‌కు పంపారు, కొరియర్ ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ ఉందా, సంతకం ఉందా, రంగు గురించో ఫాల్ కుట్టించడం గురించో కస్టమర్ మాట్లాడిన చాట్ ఉందా. వీటిని ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నవారు గడువులోగా పంపగలరు. లేనివారు ఫోన్‌లో పాత చాట్ కోసం వెతుకుతుండగానే గడువు దాటిపోతుంది.

పేపాల్ వాడేవారికి ఇంకో మెలిక. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ భారత్‌లో దేశీయ చెల్లింపులు మానేసింది. విదేశాల నుంచి వచ్చే డబ్బుకు మాత్రం మన చిన్న ఎగుమతిదారులు ఇంకా దాన్నే వాడుతున్నారు. కొన్నవారు 180 రోజుల్లోపు వివాదం లేవనెత్తవచ్చు. ‘సరుకు అందలేదు’, ‘నేను కట్టలేదు’ అన్న రెండు రకాల ఫిర్యాదులకు అమ్మినవారికి రక్షణ ఉంది. అయితే పేపాల్ లావాదేవీ పేజీలో ఉన్న అడ్రస్‌కే పంపి ఉండాలి. “మా చెల్లెలికి బహుమతి, ఈ అడ్రస్‌కు పంపేయండి” అని చాట్‌లో వచ్చిన మాట విని పంపితే ఆ రక్షణ పోతుంది. ‘వర్ణించినట్టు లేదు’ అన్న ఫిర్యాదుకైతే రక్షణే లేదు. చేనేత రంగు ఫోన్ తెర మీద ఒకలా, ఎండలో ఒకలా కనబడుతుందని నేత తెలిసినవారికి తెలుసు, పేపాల్‌కు తెలియదు. అందుకే ఎండలో తీసిన ఫోటో ఒకటి, దారప్పోగులు దగ్గరగా కనబడే ఫోటో ఒకటి ముందే పంపి కస్టమర్ చేత “సరే” అనిపించుకోవాలి.

యూపీఐకి చార్జ్‌బ్యాక్ లేదనుకోవడం పొరపాటే. బ్యాంకుల ద్వారా అదీ నడుస్తుంది. కాకపోతే ఎడాపెడా ఫిర్యాదులను ఆపడానికి 2024 డిసెంబర్ నుంచి ఒక కస్టమర్ 30 రోజుల్లో 10కి, ఒకే వ్యక్తి లేదా సంస్థ మీద 5కి మించి వేయకుండా ఎన్‌పీసీఐ పరిమితి పెట్టింది.

వీటన్నిటికంటే భయపెట్టేది మరొకటి ఉంది. డబ్బు నిజమైనది, కొన్నవారు ఫిర్యాదు చేయలేదు, సరుకు చేరింది. అయినా ఒక ఉదయం ఖాతా పనిచేయదు. బ్యాంకుకు వెళితే, “పోలీసుల నుంచి వచ్చిందండీ, హోల్డ్‌లో పెట్టాం” అంటారు.

జరిగింది ఇది. ఎక్కడో ఒక రాష్ట్రంలో ఒకరు మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు. 2021లో మొదలైన కేంద్ర హోంశాఖ వ్యవస్థ ద్వారా ఆ ఫిర్యాదు వెంటనే బ్యాంకులకు వెళుతుంది. పోయిన సొమ్ము ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పాకిందో బ్యాంకులు వెతుకుతాయి. పోలీసులు ఈ వరసలను ‘లేయర్లు’ అంటారు. మొదటి లేయర్‌లో మోసగాడి ఖాతా ఉంటే, మూడో లేయర్‌లోనో నాలుగో లేయర్‌లోనో వాడి దగ్గర చీర అమ్మిన ఖాతా ఉండవచ్చు. ఇంకా తెలివైనవాడు తన ఖాతానే వాడడు. బాధితుడి చేతే నేరుగా అమ్మకందారు యూపీఐకి డబ్బు కొట్టించి, సరుకు తాను పట్టుకుపోతాడు. అప్పుడు అమ్మకందారే మొదటి లేయర్!

2023లో కేరళలో ఇలా ఎందరో చిన్న వ్యాపారుల ఖాతాలు స్తంభించాయి. యూపీఐలో తీసుకున్న చిన్న మొత్తాలకు ఇతర రాష్ట్రాల పోలీసుల లేఖలతో ఖాతా మొత్తం ఆగిపోయింది. బాధితులు హైకోర్టుకు వెళ్లారు. పోలీసులు చెప్పిన అనుమానాస్పద మొత్తానికే నిలుపుదల పరిమితం కావాలని, మిగతా ఖాతాను నడవనివ్వాలని కేరళ హైకోర్టు బ్యాంకులను ఆదేశించింది. 1,500 రూపాయల వివాదానికి మొత్తం ఖాతా ఆపితే, బ్యాంకు మేనేజరును రాతపూర్వకంగా అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఎంత మొత్తానికి ఆపమన్నారు?

ఆ తర్వాత బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబర్, ఏ పోలీస్ స్టేషన్, ఏ అధికారి అన్న వివరాలు తీసుకుని, ఆ అమ్మకం తాలూకు బిల్లు, చాట్, కొరియర్ రసీదు జతచేసి ఈమెయిల్‌లోనూ పోస్టులోనూ పంపాలి. “పదివేలు పంపండి, ఖాతా తెరిపిస్తాం” అంటూ ఈ సమయంలోనే కొత్త ఫోన్లు వస్తాయి. అది ఇంకో మోసం. తేలకపోతే వకీలును పట్టుకుని కోర్టుకు వెళ్లడమే. రోజులు పడతాయి, ఒక్కోసారి నెలలు. అందుకే వ్యాపారం డబ్బు పడే ఖాతా వేరు, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజుల ఖాతా వేరుగా ఉండాలి. ఈ ఒక్క జాగ్రత్తకు పైసా ఖర్చు లేదు, దీన్ని పాటించేవారే తక్కువ.

గుర్తులు ముందే కనబడతాయి. మాట్లాడేది ఒకరు, డబ్బు వచ్చేది ఇంకొకరి పేరు మీద. ఒకే ఆర్డర్‌కు నాలుగు ఖాతాల నుంచి నాలుగు ముక్కలుగా డబ్బు. అడ్రస్ ఇవ్వకుండా బైక్ టాక్సీ కుర్రాడిని పంపి తెప్పించుకోవడం. కొనేవి వెంటనే సొమ్ము చేసుకోగల బంగారు నాణేలు, కొత్త ఫోన్లు, గిఫ్ట్ కార్డులు. ఇందులో ఒకటి ఉంటే ప్రశ్న అడగాలి. రెండుంటే డబ్బు వచ్చిన ఖాతాకే వెనక్కి పంపి ఆర్డర్ రద్దు చేయడం మేలు. వేరే ఖాతాకు పంపమంటే అస్సలు పంపకూడదు.

పెద్ద వేదికల్లో అమ్మేవారి కష్టం వేరు, అక్కడ డబ్బు కన్నా సరుకే తారుమారవుతుంది. కొత్త షూ వెళ్లి పాత షూ వెనక్కి రావడం వాళ్లకు నిత్యం. పెద్ద కంపెనీలకే తప్పలేదు: 2024 మార్చి, జూన్ల మధ్య తప్పుడు రీఫండ్ క్లెయిముల వల్ల ఒక్క బెంగళూరులోనే 1.1 కోట్ల రూపాయలు పోయాయని మింత్రా అక్కడి పోలీసులకు ఫిర్యాదు చేసింది. చిన్నవారికి మిగిలిన ఆయుధం వీడియో. తూకం కాటా మీద పెట్టి, పార్శిల్ నంబర్ కనబడేలా, కోత లేకుండా ప్యాకింగ్ తీయాలి. వెనక్కి వచ్చినదాన్ని విప్పేటప్పుడూ అంతే.

అమెరికాలో చదువు ముగించి ఊరు మారే తెలుగు విద్యార్థులు మంచం, టీవీ, కుర్చీలు అమ్మేసుకుంటారు. వాళ్లకు అక్కడి పాత మోసం ఒకటి ఎదురవుతుంది. కొనేవాడు ధరకు మించిన క్యాషియర్ చెక్ ఇచ్చి, మిగతాది సామాను మోసేవాళ్లకు పంపమంటాడు. అక్కడి చట్టం ప్రకారం బ్యాంకు చెక్కు డబ్బును త్వరగా వాడుకోనివ్వాలి కాబట్టి ఖాతాలో మొత్తం కనబడుతుంది. చెక్కు నకిలీదని వారాల తర్వాత తేలితే బ్యాంకు ఆ మొత్తాన్ని వెనక్కి లాక్కుంటుంది. మోసేవాళ్లకు పంపినది మాత్రం రాదు.

ఇంతా చెప్పి అమ్మకందార్ల వైపు తప్పులు చెప్పకపోతే న్యాయం కాదు. వచ్చే వివాదాలన్నీ మోసాలు కావు. చిరిగిన చీర పంపి, ఫోన్ ఎత్తకుండా, “నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్” అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే కొన్నవారు బ్యాంకుకు కాక ఎక్కడికి వెళతారు? 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకునూ, చెప్పినట్టు లేనిదాన్నీ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. విప్పేటప్పటి వీడియో లేకపోతే వినం అనే షరతు నిబంధనల్లో ఎక్కడా లేదు. అడగడం తప్పు కాదు, దాన్ని అడ్డం పెట్టుకోవడం తప్పు. పాతకాలంలో వీపీపీలో పుస్తకాలు తెప్పించుకున్నవారికి గుర్తుండే ఉంటుంది. పోస్ట్‌మన్ చేతిలో డబ్బు పెడితేనే కట్ట చేతికొచ్చేది. అమ్మేవారి పూచీ తపాలా శాఖ మోసింది. ఇప్పుడు ఆ పూచీ అమ్మేవారిదే, కాబట్టి మాట్లాడి తేల్చుకోవడం చార్జ్‌బ్యాక్ కన్నా చవక.

మోసం జరిగిపోతే మాత్రం మాటల్లో సమయం పోనివ్వకూడదు. 1930కి ఫోన్ చేసేటప్పుడు 12 అంకెల లావాదేవీ నంబర్, తేదీ, సమయం, మొత్తం చేతిలో ఉండాలి. డబ్బు మోసగాడి ఖాతా దాటకముందే ఫిర్యాదు చేరితే ఆగే అవకాశం ఎక్కువ.

మరో చిన్న సంగతి మిగిలింది. ఎన్నో చార్జ్‌బ్యాక్‌ల వెనుక దొంగా లేడు, గొడవా లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో దుకాణం పేరు ఒకటి, బ్యాంకులో నమోదైన పేరు ఇంకొకటి. నెలాఖరున స్టేట్‌మెంట్ చూసుకున్న కస్టమర్ ఆ పేరు గుర్తుపట్టక, ఎవరో కొట్టేశారనుకుని ఫిర్యాదు చేస్తారు. ఆన్‌లైన్‌లో అమ్మే పాఠకులెవరైనా ఈ అధ్యాయం పక్కన పెట్టి, స్నేహితుల ఫోన్ నుంచి తమ దుకాణానికే ఒక రూపాయి కట్టించి, వాళ్ల స్టేట్‌మెంట్‌లో ఏ పేరు పడిందో చూడండి.